కుండలో ఒడిమామిడి

శంఖదుర్గం కోట వెనుక ఉన్న ఉద్యానవనాన్ని చూసినవాళ్లు నోరు తెరిచి అలాగే నిలబడిపోయేవారు. అక్కడి కాలువల అడుగున ఇసుకకు బదులు పగడాలు పరిచారు. సంపెంగచెట్లకు వెండి గొలుసులతో ఉయ్యాలలు కట్టారు. నెమళ్లు పురి విప్పితే ఆ రంగులు చలువరాతి గోడల మీద పడి కదిలేవి. కొబ్బరిచెట్లు ఆకాశాన్ని ఊడ్చే చీపుళ్లలా ఊగేవి. ఇంత వైభవం నట్టనడుమ, ముళ్లకంచె లోపల, ఒక పొట్టి మామిడిచెట్టు ఉండేది. మనిషి చెయ్యెత్తితే దాని చిటారుకొమ్మ అందుతుంది. కొమ్మలు గొడుగులా వంగి నేలను తాకుతుంటాయి. కాయలు మాత్రం గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. రాజుల పెళ్లికి దారితప్పి వచ్చిన పల్లెటూరి పిల్లలా ఆ చెట్టు అక్కడ ముడుచుకుని నిలబడి ఉండేది.

ఆ చెట్టుకు నీళ్లు మోస్తున్న మూగవాడు నిజానికి మూగవాడు కాదు, మగవాడూ కాదు. తేనెవాక ఊరి పిల్ల చెంగలువ. జుట్టు కత్తిరించుకుని, తలపాగా చుట్టి, మోకాళ్ల దాకా పంచె కట్టి ఆ తోటలో కూలికి చేరింది. నోరు విప్పితే తేనెవాక యాస బయటపడుతుంది. అందుకే మూగవేషం.

తేనెవాక ఇప్పుడు నీళ్ల కింద ఉంది. మాంత్రికుడు ఘోరశంఖుడు వాగుకు అడ్డంగా కట్ట కట్టి ఊరిని ముంచేశాడు. జనాన్ని తోలుకొచ్చి తన కోటకు ఇటుకలు మోయించాడు. వాళ్లు పారిపోకుండా కాపలా పెట్టలేదు, సంకెళ్లు వేయలేదు. రోజూ సాయంత్రం కోట బురుజెక్కి తన నల్లశంఖం ఊదేవాడు. ఆ మోత విన్న కొద్దీ వాళ్లకు ఊరు మరుపుకు వచ్చింది. తర్వాత ఇల్లు మరుపుకు వచ్చింది. తర్వాత కన్నబిడ్డల పేర్లు. పోవడానికి ఊరంటూ గుర్తులేనివాళ్లు ఎక్కడికి పారిపోతారు?

ఊరు మునిగినప్పుడు చెంగలువ కొండల్లో గొర్రెలు కాస్తోంది. వెతుక్కుంటూ వచ్చి ఇటుకల బట్టీ దగ్గర తల్లి పొన్నమ్మను పట్టుకుని ఏడ్చేసింది. పొన్నమ్మ ఆమె తల నిమిరి, "ఎవరమ్మా నువ్వు? తప్పిపోయావా?" అని అడిగింది.

ఆ మాట విన్నరోజే చెంగలువ కొండగుహలోని యోగిని దగ్గరికి పరుగెత్తింది. "మీ ఊరి ఒడిమామిడి పండు తినిపిస్తే తిన్నవాళ్ల మీద శంఖం మహిమ విరుగుతుంది" అని యోగిని చెప్పింది. సాయంత్రం శంఖం ఊదే వేళకు చెవుల్లో కూరుకోవడానికి మైనం కూడా ఇచ్చింది. కానీ తేనెవాక పెరళ్లలోని ఒడిమామిళ్లన్నీ మునిగి కుళ్లిపోయాయి. మిగిలింది ఒక్కటే. అది చెంగలువ వాళ్ల సొంత పెరటి చెట్టు. ఘోరశంఖుడు దాన్ని వేళ్లతో సహా పెకలించి తెచ్చి, తన మంత్రాన్నంతా ఆ వేళ్లకే కట్టి ఇక్కడ నాటాడు. చెట్టు చస్తే మంత్రం చస్తుంది కాబట్టి దాన్ని నరకలేడు. పండు ఎవరూ తినకూడదు కాబట్టి ఇంకో కట్టు వేశాడు. చెట్టును విడిచిన పండు తోటగోడ దాటిందా, ఆ క్షణమే బొగ్గవుతుంది. ఇంతకు ముందు ప్రయత్నించినవాళ్ల చేతుల్లో మాడిన పండ్ల బొగ్గులు ద్వారం దగ్గర కుప్పగా పడి ఉండేవి.

చెంగలువ ఆ కుప్పను చూసి చాలాసేపు ఆలోచించింది. చెట్టును విడిచిన పండు కదా బొగ్గయ్యేది? చెట్టు మీద ఉన్న పండు చెట్టుతో పాటే గోడ దాటితే?

మర్రిలాంటి చెట్టయితే ఆ ఆలోచనే నవ్వులపాలు. కానీ ఒడిమామిడి పెరటి చెట్టు. కుండలో పెట్టినా కాస్తుంది. తేనెవాకలో ఎవరు కొత్త ఇల్లు కట్టుకున్నా పొరుగింటివాళ్లు మొట్టమొదట ఇచ్చేది ఈ మామిడి అంటు కట్టిన కుండే. గృహప్రవేశం నాటికి ఆ కుండలోని చెట్టుకు ఒక్క పిందైనా ఉండాలని పట్టుబట్టేవారు. పిందె లేకపోతే ఇచ్చినవాళ్లు సిగ్గుపడేవారు.

చలి వెళ్లిపోయే రోజుల్లో చెంగలువ ఒక మామూలు మామిడి మొక్కను చిన్న కుండలో పెంచి, నేలను తాకే కొమ్మల చాటున దాచింది. మొక్క కాండం మీద ఒకపక్క బెరడు చెక్కింది. పూతతో ఉన్న ఒక ఒడిమామిడి కొమ్మ మీద అంతే మేర చెక్కింది. రెండు గాయాలనూ ముఖాముఖి ఆనించి, అరటినారతో బిగించి, పైన పేడా బంకమట్టీ మెత్తింది. తల్లి ప్రతి ఏడూ అంటు కడుతుంటే చూసిన పనే. రెండు గాయాలూ ఒక్కటైపోయాక కొమ్మను తల్లిచెట్టు వైపు కోసేస్తే, కుండలో కాయతో సహా ఒక బుల్లి ఒడిమామిడి మిగులుతుంది.

ఒకరోజు తోటపెద్ద వీరబొబ్బ ఆ మట్టిముద్దను చూడనే చూశాడు. వీరబొబ్బ పొట్టిగా, లావుగా, పెద్ద బొజ్జతో ఉండేవాడు. మామూలు మాటలు కూడా అరుస్తూనే మాట్లాడేవాడు.

"ఒరేయ్ మూగోడా! కొమ్మకు ఆ గడ్డేంట్రా?"

చెంగలువ చంకలో గడ్డ లేచినట్టు చూపించి, బాధతో మూలిగింది.

"చెట్టుకు గడ్డ లేచిందా!" వీరబొబ్బ రెండడుగులు వెనక్కి వేశాడు. "అంటురా నాయనా, అంటు! ఇది అంటురోగమే! ఒరేయ్, ఎవ్వరూ దాని దగ్గరికి పోకండి! మూగోడు ఒక్కడే పోనీ, వాడికెలాగూ చెప్పుకునే నోరు లేదు!"

అంటు అన్న మాట విని చెంగలువకు నవ్వు ఆగలేదు. తలపాగా కొస నోట్లో కుక్కుకుని కాలువ వైపు పరుగెత్తింది.

అలా అంటు అతికింది. పిందె కాయ అయింది, కాయ పండింది. ఇంకొక్క వారం ఆగితే కొమ్మను కోయవచ్చు. సరిగ్గా అప్పుడే ఘోరశంఖుడి పెంపుడు బల్లి అతని చెవిలో, తోటలో తేనెవాక మనిషి ఉన్నాడని పలికింది.

మాంత్రికుడు మిట్టమధ్యాహ్నం వేళ తోటలోకి వచ్చాడు. అతను నడుస్తుంటే పువ్వులు ముడుచుకుపోయాయి, నెమళ్లు పురి దించుకున్నాయి. మెడలో నల్లశంఖం, చేతిలో నాలుకలా వంకరలు తిరిగిన కత్తి. తోటవాళ్లందరినీ ముళ్లకంచె లోపల, చెట్టు చుట్టూ నిలబెట్టించాడు.

"నేనేమీ అడగను. మీరేమీ చెప్పనక్కర్లేదు" అన్నాడు ఘోరశంఖుడు చిరునవ్వుతో. చెట్టు మొదలు మీద కత్తి పిడితో గట్టిగా ఒక దెబ్బ వేశాడు.

కొమ్మలు జలదరించాయి. పండిన పండ్లు తొడిమల దగ్గర వదులయ్యాయి. తోటవాళ్లలో కొందరు తల మీద చేతులు పెట్టుకున్నారు. కొందరు దోసిళ్లు చాపారు. వీరబొబ్బ పక్కకు గెంతాడు.

చెంగలువ ఒక్కతే చటుక్కున నేల మీద చతికిలబడి, పంచె చెంగు పరిచి ఒడి పట్టింది.

తేనెవాకలో ఈ మామిడిని కోయరు. అది తనంతట తాను రాలేదాకా కింద కూర్చుని ఒడి పడతారు. ముసలివాళ్లయినా పసివాళ్లయినా, ఆడవాళ్లయినా మగవాళ్లయినా, ఒడిమామిడి కింద నిలబడి చెయ్యి చాపినవాళ్లు ఆ ఊళ్లో లేరు. నడక నేర్వని వయసు నుంచి చెంగలువ చేసిన పని అది. కొమ్మ కదిలితే ఆమె కాళ్లు వాటంతట అవే మడతపడ్డాయి.

పండు వచ్చి మెత్తగా ఆమె ఒడిలో పడింది.

"అదుగో, తేనెవాక!" అన్నాడు ఘోరశంఖుడు. శంఖం పెదవులకు ఆనించి ఊదాడు.

ఆ మోత చెవుల్లోంచి కాకుండా ఎముకల్లోంచి వచ్చినట్టుంది. చెంగలువ కళ్ల ముందు పొగ కమ్మింది. తానెందుకు ఇక్కడ కూర్చుందో తెలియలేదు. కుండ ఎవరిది? తలపాగా ఎందుకు? ఎవరికోసమో వచ్చింది. ఎవరికోసం? ఒక ముఖం దూరంగా జరిగిపోతోంది. చేతిలో ఏదో వెచ్చగా ఉంది. ఆమె దాన్ని నోటికి తీసుకుని కొరికింది.

తీపి. ఆ తీపి వెనుక చిన్న పులుపు. ఆ పులుపు వెనుక పెరడు.

తెల్లవారి కల్లాపి చల్లిన తడివాసన వచ్చింది. గిన్నెలు తోమే రాయి పక్కన బూడిద, కొబ్బరిపీచు. వంటింటి గోడకు ఆనించిన రోకలి. ఆ చెట్టు కింద అమ్మ చెంగలువను ముందు కూర్చోబెట్టుకుని జడ అల్లుతోంది. పైన పండు ఒకటి ఊగుతోంది. "కదలకే, జడ వంకర పోతుంది" అంటోంది అమ్మ. "పండు పడుతుందమ్మా, ఒడి పట్టనీ" అంటోంది తను. అమ్మ జడ వదిలేసి, తన ఒడి కూడా పక్కనే పరిచింది. పండు ఎవరి ఒడిలో పడితే వాళ్లది. ఎప్పుడూ అమ్మ ఒడిలోనే పడేది. ఎప్పుడూ చెంగలువే తినేది. ఆ మధ్యాహ్నాలు ఎంత పొడుగ్గా ఉండేవో! ఎండ ఆకుల మధ్య నుంచి జారి నేల మీద నాణేల్లా పడేది. వాటిని ఏరుకోబోయి అవ్వను నవ్వించేది. అప్పుడు ఆ పెరడు దాటి లోకం ఉందని కూడా ఆమెకు తట్టేది కాదు.

పొగ విడిపోయింది. చెంగలువ మూతి తుడుచుకుని లేచింది.

"ఇంకోసారి ఊదండి దొరా, బాగానే ఉంది!" అంది.

"ఒరేయ్, మూగోడికి మాటలొచ్చాయి!" అని అరిచాడు వీరబొబ్బ. తలపాగా జారి ఆమె ముఖం బయటపడేసరికి ఇంకా గట్టిగా అరిచాడు. "ఒరేయ్, వీడు కాదురా, ఇది!"

ఘోరశంఖుడి ముఖం కందగడ్డలా అయింది. ఇన్నేళ్లలో తన శంఖం ఒక్కసారీ తప్పలేదు. కత్తి ఎత్తి ఆమె మెడ మీదికి విసురుగా దింపాడు. చెంగలువ కొమ్మల కిందికి దొర్లింది. కత్తి గాలిని చీల్చుకుంటూ వచ్చి, మట్టిముద్దకు జానెడు దూరంలో, తల్లిచెట్టు వైపు కొమ్మను ఒకే వేటుకు తెంచేసింది. ఆమె ఒక వారం తర్వాత చేయాలనుకున్న పని అది!

కుండలోని బుల్లి చెట్టు ఒక్కసారి వణికి, నిటారుగా నిలబడింది. దాని మీద పచ్చగా ఒకే ఒక్క పండు.

చెంగలువ కుండను పొట్టకు హత్తుకుని ముళ్లకంచె సందులోంచి దూసుకుపోయింది. వీపు మీద చర్మం చీరుకుపోయినా ఆగలేదు. "పట్టుకోండి!" అన్న కేక వెనకే కాలువ దాటింది. వెండి ఉయ్యాల ఎక్కి ఒక్క ఊపు ఊగి పొదల మీదుగా దూకింది. ద్వారం దగ్గర ఈటెలు అడ్డం పెట్టారు. వెనుక కత్తులు వస్తున్నాయి. ఎడమపక్క, గోడను ఆనుకుని, ఆమె రోజూ నీళ్లు తోడే ఏతం ఉంది. పొడవాటి దూలం, ఒక కొసన బావిలోకి వేలాడే పెద్ద బాన.

ఆమె బావి గట్టెక్కి బానలో దిగి కూర్చుంది. దూలం రెండో కొస ఆకాశంలోకి లేచింది.

"దొరికావే దొంగపిల్లా!" అంటూ వీరబొబ్బ మెట్ల మీదుగా దూలం ఎక్కే చోటికి వచ్చి ఆగాడు. దాని మీద కాలు పెట్టడానికి జంకుతున్నాడు.

"ఏం బొజ్జమావా, ఎక్కలేవా? మూగోడు రోజూ ఎక్కేవాడే!" అంది చెంగలువ.

"నన్ను మావా అంటావా!" వీరబొబ్బ ఎగిరి దూలం కొస మీద దూకాడు.

దూలం ధడాలున అటు దిగింది. బాన ఇటు పైకి లేచింది. చెంగలువ కుండతో సహా గాలిలోకి ఎగిరి, గోడ మీది రాళ్లను కాలివేళ్లతో ఒకసారి తాకి, అవతల గడ్డివాములో పడింది. కళ్లు గట్టిగా మూసుకుంది. తెరవాలంటే భయమేసింది. పండు బొగ్గయిపోయి ఉంటే అమ్మ జీవితాంతం తనను ఎవరమ్మా అనే అడుగుతుంది.

ముక్కుకు వాసన తగిలింది. పండిన మామిడి వాసన.

కళ్లు తెరిచింది. పండు పచ్చగానే ఉంది. ఆకులు మాత్రం కొంచెం వాడి, కిందికి వాలుతున్నాయి. ముందే తెగిన అంటు కదా! త్వరగా నేల తగలకపోతే చెట్టు బతకదు.

ఆమె పంచెను చీరలా సవరించుకుని, కుండ చుట్టూ గడ్డి కట్టి మోపులా నెత్తిన పెట్టుకుంది. మలుపు తిరగగానే గుర్రపు రౌతులు ఎదురయ్యారు.

"ఏయ్ గడ్డిమోపూ! కుండ ఎత్తుకుని పరిగెత్తే మూగోడ్ని చూశావా?"

"చూళ్లేదు బాబయ్యా. కేకేసి పిలవలేకపోయారా? పలికేవాడేమో."

"మూగోడు ఎలా పలుకుతాడే, పిచ్చిమొహమా!" అని వాళ్లు నవ్వుకుంటూ కోట వైపు వెళ్లిపోయారు.

ఇటుకల బట్టీ చెరువొడ్డున ఉంది. ఆ చెరువు కిందే తేనెవాక ఉందని అక్కడ పనిచేసేవాళ్లెవరికీ తెలియదు. పొన్నమ్మ తట్ట దించుకుని నీళ్లు తాగుతోంది. చెంగలువను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఎవరమ్మా నువ్వు? ఒంటి నిండా ఆ గీతలేంటి? అన్నం తిన్నావా?"

చెంగలువ పండును కొమ్మ నుంచి విడదీసి చాపింది. "ఇది తినమ్మా."

"పరాయి బిడ్డ చేతిలో పండు నేనెలా తింటానమ్మా? నువ్వే తిను, నీరసంగా ఉన్నావు."

ఎంత బతిమాలినా పొన్నమ్మ ముట్టుకోలేదు. దూరంగా కోటలో భేరి మోగింది. చివరికి చెంగలువ ఏడుపు మింగుకుని, "పోనీ, నాకు రసం తియ్యడం చేతకాదు. కాస్త నొక్కి పెడతారా?" అంది.

"అదెంత పని, ఇలా ఇవ్వు" అంది పొన్నమ్మ.

ఆమె పండును రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లించింది. బొటనవేళ్లతో చుట్టూ నొక్కుతూ మెత్తబరిచింది. ముచ్చిక కొరికి ఉమ్మింది. మొదటి చుక్క సొన నేలకు పిండింది. రెండో చుక్క మణికట్టు మీదికి కారితే, అనుకోకుండా నాలుకతో అద్దుకుంది.

చేతులు ఆగిపోయాయి.

పొన్నమ్మ చాలాసేపు పండును చూసింది. తర్వాత చెంగలువ తలను చూసింది.

"జుట్టేదే?"

"అమ్మా..."

"నడుం కింద దాకా పెంచానే! ఎవతె కత్తిరించిందే నీ జుట్టు? ఒసే చెంగీ, మాట్లాడవేం?"

చెంగలువ తల్లి ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. పొన్నమ్మ ఆ పొట్టిజుట్టును దువ్వుతూ ఏడ్చింది, మధ్యమధ్య తిడుతూనే ఉంది. తిట్టిన ప్రతిసారీ చెంగలువ ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

బాట మీద దుమ్ము లేచింది. రౌతులు వెనక్కి తిరిగారు.

పొన్నమ్మ కళ్లు తుడుచుకుని కుండను చూసింది. వాడిన ఆకును వేళ్ల మధ్య నలిపి వాసన చూసింది. "తొందరపడి కోశావే. పొద్దుగూకేలోగా నేలలో పెట్టాలి దీన్ని. ఇది బతికి కాయకపోతే చుట్టుపక్కల వాళ్లంతా ఏమైపోవాలి? రాజమ్మత్త తన పేరే తను మర్చిపోయింది."

"ఎక్కడ పెడదామమ్మా? ఇక్కడ నాటితే పీకేస్తారు."

"ఇక్కడెందుకు? మన పెరట్లో."

"మన ఊరు నీళ్ల కింద ఉందమ్మా."

"ఇళ్లు మునిగాయి. మన పెరడు మెట్ట మీద కదుటే! అందుకే మన చెట్టొక్కటే వాడికి దొరికింది." పొన్నమ్మ చెరువు నడుమ ఉన్న పచ్చటి దిబ్బను చూపించింది. బట్టీలో అందరూ దాన్ని మొసళ్ల దిబ్బ అనేవారు, అటు చూడటానికి కూడా భయపడేవారు. "మొసళ్లా, వాడి పిండాకూడు! ఇన్నాళ్లూ ఎదురుగా పెట్టుకుని చూస్తున్నాను, నా పెరడని తెలియలేదు చూడు!"

ఆమె బట్టీ దగ్గరి మట్టి కలిపే గంగాళంలో కుండను పెట్టి నీళ్లలోకి తోసింది. మిగిలిన పండును అక్కడ నీళ్లు తాగుతున్న రాజమ్మత్త చేతిలో పెట్టి, "తినత్తా, నీ పేరు నీకే తెలుస్తుంది" అని చెప్పి చెరువులోకి దిగింది.

"అమ్మా, నీకు ఈత గుర్తుందా?"

"ఇప్పుడే గుర్తొచ్చిందే, పద!"

ఇద్దరూ గంగాళాన్ని చెరోవైపు పట్టుకుని ఈదారు. మొదటి బాణం పొన్నమ్మ చెవి పక్కగా నీళ్లలో పడింది. రెండోది గంగాళానికి తగిలి ఖంగుమంది. ఒడ్డున గుర్రాలు సకిలించాయి. ఘోరశంఖుడి కంఠం వినిపించింది, "పడవలు దింపండి!" ఆ వెనకే ఇంకో కేక వినిపించింది. అది ముసలిగొంతు. "నా పేరు రాజమ్మరా! మాది తేనెవాకరా!" బట్టీలో తట్టలు కిందపడుతున్న చప్పుడు.

దిబ్బ ఇంకా దూరంగానే ఉంది. చెంగలువ చేతులు బరువెక్కాయి. నీళ్లు నోట్లోకి వచ్చాయి. గంగాళం పట్టు జారిపోతుండగా ఆమె కాళ్లకు అడుగున ఏదో గరుకుగా తగిలింది. కెవ్వుమని కేకవేసి కాళ్లు ముడుచుకుంది.

"భయపడకే, దిగు. దిగి నిలబడు" అంది పొన్నమ్మ.

చెంగలువ మెల్లగా కాళ్లు ఆనించింది. వరుసగా, నాచు పట్టి, అరికాళ్లకు పెంకులు తగిలాయి. నీళ్లు నడుము దాకానే ఉన్నాయి.

"మన ఇంటికప్పే" అంది తల్లి. కుండను నెత్తికెత్తుకుని, వెనుక పడవలు దూసుకొస్తుంటే, ఆమె ఆ కప్పు మీద కళ్లు మూసుకుని కూడా దారి తప్పనిదానిలా ముందుకు నడిచింది. "వంటింటి వైపు రావే. అటు నుంచి పెరటిగుమ్మం దగ్గర."